తప్పిన పరీక్షకు మళ్ళీ కూర్చునే ముందు



మన సరిహద్దు జిల్లాల్లో ఒకే ఇంట్లో మూడు భాషలు వినిపించడం కొత్తేమీ కాదు. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ కన్నడం, కాలేజీకి వెళ్ళాక ఇంగ్లీషు. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పిల్లలు ఇలాగే పెరుగుతారు. వీరిలో చాలామంది నర్సింగు చదువుకు వెళుతున్నారు. జి.ఎన్.ఎం. గానీ బి.ఎస్సీ. నర్సింగు గానీ ముగించి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకుని, బెంగళూరు ఆసుపత్రుల్లో పనికి కుదురుతున్నారు. కొందరికి అమెరికా వెళ్ళాలని ఆశ. అక్కడ నర్సుగా పనిచేయాలంటే ఇక్కడి పట్టా, అనుభవం మాత్రమే చాలవు. ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్షను రెండుసార్లు, మూడుసార్లు తప్పి మళ్ళీ కూర్చోబోయేవారి కోసం, వారి ఇంట్లోవారి కోసం ఈనాటి నా నాలుగు మాటలు.

నేను నర్సును కాను. బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. అయితే పరీక్ష తప్పిన పిల్లల మొహాలు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.

మా బడిలో చదువుకున్న అమ్మాయి ఒకామె ఆమధ్య మా ఇంటికి వచ్చింది. "మేడమ్, మూడోసారి కూడా పోయింది" అని గుమ్మంలోనే నిలబడిపోయింది. రెండోసారి తప్పినప్పుడు నేనిచ్చిన సలహా నాకు బాగా గుర్తుంది. "ఇంకా గట్టిగా చదువమ్మా" అన్నాను. ఎస్.ఎస్.ఎల్.సి. తప్పిన పిల్లలకు మేము ఎప్పుడూ చెప్పే మాట అదే. పాపం, ఆ అమ్మాయి నా మాట నమ్మింది. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, నిద్ర మానుకుని, అదే లావు పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివింది. ఫలితం మారలేదు. లోపం అమ్మాయి చదువులో కాదు, నా సలహాలో ఉందేమో అని నాకు అప్పుడు తోచింది.

ఈసారి పుస్తకం పక్కన పెట్టమన్నాను. ఇంట్లో సాధన చేసిన ప్రశ్నల్లో తప్పు పెట్టినవి పది మాత్రం తెమ్మన్నాను. ఒక్కొక్కటి చదివి, "జవాబు చెప్పవద్దు, ప్రశ్న ఏమడుగుతున్నదో తెలుగులో చెప్పు" అన్నాను. మొదటి ప్రశ్న మధుమేహం ఉన్న మనిషి పాదాల సంరక్షణ గురించి. నర్సు అన్నీ వివరించాక రోగి నాలుగు రకాల మాటలు అంటాడు. వాటిలో ఏ మాట అంటే ఆయనకు ఇంకా నేర్పవలసింది మిగిలి ఉందని అర్థం? ఇదీ ప్రశ్న. "రోజూ పాదాలు పరీక్షించుకుంటాను" అన్న మాటకు ఆమె గుర్తు పెట్టింది. నాకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టి సగంలోనే ఆగిపోయింది. "అయ్యో మేడమ్, వాళ్ళడిగింది తప్పు మాట ఏదని కదా!" అంది. "ఇంట్లో చెప్పులు లేకుండానే తిరుగుతాను" అన్నదే అక్కడ పెట్టవలసిన జవాబు. మధుమేహంలో పాదాలకు స్పర్శ తగ్గుతుందని, ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చని ఆమె నాకే పాఠం చెప్పగలదు. విషయం తెలియక పోయిన జవాబు కాదది. ప్రశ్న సరిగా చదవక పోయిన జవాబు.

అప్పుడు ఒక నోటుపుస్తకం తీసి, పేజీకి నాలుగు గళ్ళు గీశాం. విషయం తెలియక తప్పినవి ఒక గడిలో. తెలిసీ ప్రశ్నను అపార్థం చేసుకున్నవి రెండో గడిలో. రెండు జవాబుల మధ్య ఊగిసలాడి తప్పినవి మూడో గడిలో. మొదట సరిగా పెట్టి, అనుమానంతో మార్చినవి నాలుగో గడిలో. పది రోజులు ప్రతి తప్పునూ ఏదో ఒక గడిలో వేయమన్నాను. పది రోజుల తర్వాత చూస్తే మొదటి గడి కంటే రెండు, మూడు గళ్ళే నిండి ఉన్నాయి. ఆ లావు పుస్తకం నయం చేయగలిగింది మొదటి గడిని మాత్రమే. మిగిలిన మూడు గళ్ళకు మందు వేరే ఉంది. పదేపదే తప్పేవారు మొట్టమొదట తెలుసుకోవలసింది ఇదే. ఎన్ని గంటలు చదివామన్నది తర్వాత సంగతి. ఎందుకు తప్పామో ముందు తెలియాలి.

రెండో గడి ఎక్కువగా భాష వల్ల నిండింది. మనం ఇంగ్లీషును మాట మాటగా చదువుతాం. ప్రశ్నలో తీర్పంతా ఒక్క చిన్న మాటలో ఉంటుంది. మొదట ఏంచేయాలి, అన్నిటికన్నా ముఖ్యం ఏది, ఏది చేయకూడదు. ఆ మాట దగ్గర ఆగి, ప్రశ్నను మనసులో తెలుగులోనో కన్నడంలోనో ఒక్క వాక్యంగా చెప్పుకుని, అప్పుడు జవాబుల వైపు చూడాలి. రెండు భాషలు వచ్చినవారికి ఇది బరువు కాదు, సాయం. మందుల పేర్లలోనూ చిక్కుంది. మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. మన సాల్బ్యుటమాల్ అక్కడ ఆల్బ్యుటరాల్. మన అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. మన పెథిడిన్ అక్కడ మెపెరిడిన్. పదేళ్ళుగా చేత్తో ఇస్తున్న మందునే పేరు మారితే గుర్తుపట్టక తప్పు పెట్టే ప్రమాదం ఉంది. ఈ పేర్ల జాబితా ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించుకుంటే నాలుగు రోజుల పని.

మూడో గడి అలవాటు వల్ల నిండింది. రక్తం ఎక్కిస్తుండగా రోగికి చలి, జ్వరం, నడుము నొప్పి వచ్చాయి. నర్సు మొదట ఏంచేయాలి? మా అమ్మాయి "డాక్టరుకు తెలియజేయాలి" అని పెట్టింది. తాను పనిచేసే వార్డులో ముందు డాక్టరును పిలవడమే ఆమెకు అలవాటు. పరీక్షకు కావలసిన జవాబు వేరు. ముందు రక్తం ఎక్కడం ఆపాలి. తర్వాత కొత్త గొట్టంతో సెలైను పెట్టి నరం మూసుకుపోకుండా చూడాలి. ఆ తర్వాత డాక్టరుకు చెప్పాలి. నర్సు తన చేతిలో ఉన్న పనిని ముందు చేస్తుందా లేదా అన్నది ఈ పరీక్ష చూస్తుంది. వార్డు అలవాటును పరీక్ష గదిలోకి తీసుకుపోకూడదు.

ఇలాంటిదే నలుగురు రోగుల ప్రశ్న. ఒకరికి ఆపరేషను గాయం నొప్పి, ఒకరికి ఇంటికి పంపే కాగితాలు కావాలి, ఒకరు భోజనం రాలేదని కోప్పడుతున్నారు. నాలుగో మనిషికి ఉబ్బసం. ఇంతసేపూ పిల్లికూతలతో ఆయాసపడి, ఇప్పుడు ఆ కూతలు ఆగి మగతగా పడుకున్నాడు. ఎవరి దగ్గరకు ముందు వెళ్ళాలి? కూతలు ఆగాయి కాబట్టి నయమైందని అనుకుంటే ప్రాణం పోతుంది. అలసిపోయి గాలి ఆడటం ఆగుతున్నదన్నమాట. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఏడ్చే బిడ్డ కంటే, ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుండి చప్పబడిపోయిన బిడ్డను ముందు చూస్తారు. ఈ పోలిక చెప్పాక ఆ అమ్మాయి అలాంటి ప్రశ్న తప్పడం చాలా తగ్గింది.

ఇక పరీక్ష జరిగే తీరు. 1994 నుంచి ఈ పరీక్షను కంప్యూటరు మీదే పెడుతున్నారు. మన పరీక్షల్లో అందరికీ ఒకే ప్రశ్నపత్రం, నిర్ణయించినన్ని మార్కులు వస్తే పాసు. ఇక్కడ అలా కాదు. మీరు సరిగా చెబితే తర్వాతి ప్రశ్న కాస్త కఠినంగా వస్తుంది, తప్పితే కాస్త తేలికగా వస్తుంది. అందుకే ఎంత బాగా చదివినవారికైనా దాదాపు సగం ప్రశ్నలు చేతకానట్టే తోస్తాయి. కష్టంగా ఉందంటే తప్పుతున్నామని కాదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన మార్పు ప్రకారం తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, సమయం 5 గంటలు. మీ సామర్థ్యం గీతకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నమ్మకం కుదిరితే యంత్రం ఆగిపోతుంది. 85 దగ్గర ఆగితే నెగ్గినట్టూ కాదు, తప్పినట్టూ కాదు. దాటిన ప్రశ్నకు వెనక్కి వెళ్ళడానికి వీలులేదు. కాబట్టి పోయిన ప్రశ్నను తలచుకుని ఏడవడం దండగ.

ఆ మార్పుతోనే రోగి కేసు ఒకటి ఇచ్చి, దాని మీద వరుసగా ఆరు ప్రశ్నలు అడగడం మొదలైంది. అలాంటి కేసులు మూడు లెక్కకు వస్తాయి. వర్తించేవన్నీ ఎంచమనే ప్రశ్నల్లో ఇప్పుడు కొంత సరైనా కొంత మార్కు వస్తుంది. అయితే తప్పు గుర్తుకు ఆ ప్రశ్నలోనే మార్కు తగ్గుతుంది. అన్నిటికీ గుర్తులు పెట్టేస్తే ఏదో ఒకటి తగులుతుందనే పాత నమ్మకం ఇక్కడ పనికిరాదు.

పరీక్ష తప్పినవారికి ఒక నివేదిక వస్తుంది. ఏ భాగంలో గీతకు పైన ఉన్నారో, దగ్గరగా ఉన్నారో, కింద ఉన్నారో అందులో రాసి ఉంటుంది. మా అమ్మాయి రెండు నివేదికలను సిగ్గుతో బీరువా అడుగున దాచింది. మూడోది అసలు తెరవనేలేదు. మూడూ పక్కపక్కన పరిచి చూశాం. మందుల భాగం మూడుసార్లూ కిందే ఉంది. ఆమె మాత్రం మూడుసార్లూ తనకిష్టమైన ప్రసూతి పాఠాలతోనే చదువు మొదలుపెట్టింది. వచ్చిన పాఠమే మళ్ళీ చదవడం మనసుకు హాయిగా ఉంటుంది, అందుకే అందరం అదే చేస్తాం. ఆ నివేదిక అవమాన పత్రం కాదు. డబ్బు అడగని ఉపాధ్యాయుడు.

ఒకసారి తప్పాక మళ్ళీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. కొన్ని రాష్ట్రాల్లో ఇంకా కట్టుదిట్టమైన నియమాలున్నాయి. ఫ్లోరిడాలో మూడుసార్లు తప్పితే ప్రత్యేక శిక్షణ తీసుకున్నాకే మళ్ళీ అనుమతి. ఏ రాష్ట్రానికి దరఖాస్తు పెట్టారో ఆ రాష్ట్రపు బోర్డు నియమం చదివి తెలుసుకోవాలి. ప్రతిసారీ 200 డాలర్ల రుసుము మళ్ళీ కట్టాలి, మన దేశంలో రాస్తే అదనపు రుసుమూ ఉంటుంది. ఇంత డబ్బు పోతున్నదనే భయంలోనే కొందరు అడ్డదారి చూస్తారు. పరీక్ష ప్రశ్నలు ముందే ఇస్తామనేవారిని నమ్మకండి. 2023 జనవరిలో ఫ్లోరిడాలో వేలకొద్దీ దొంగ నర్సింగు పట్టాలు అమ్మిన వ్యవహారాన్ని అక్కడి ప్రభుత్వం బయటపెట్టింది. మంచం మీదున్న రోగికి దొంగ పట్టా ప్రాణం పోయదు.

చివరిగా ఇంట్లోవారికి ఒక మాట. పరీక్ష తప్పిన పిల్లకు, తాను తప్పినట్టు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. "పక్కింటివాళ్ళ అమ్మాయి ఒకేసారికి నెగ్గింది", "చాల్లే, పెళ్ళి చేసుకో" అనే మాటలు ఆ 45 రోజులూ ఆపండి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన పిల్లను మూడు గంటలైనా కదపకుండా నిద్రపోనివ్వండి. నాన్నగారు అప్పు లెక్క చెప్పక తప్పదనుకుంటే పరీక్ష అయ్యాక చెప్పవచ్చు. తప్పినన్ని రోజులూ ఆ అమ్మాయి వార్డులో రోగులను చూస్తూనే ఉంది. ఆమె నర్సు కాకుండా పోలేదు.

మా అమ్మాయి వచ్చే నెల నాలుగోసారి బెంగళూరులో పరీక్షకు కూర్చుంటోంది. నెగ్గుతుందో లేదో నేను చెప్పలేను. నోటుపుస్తకంలో రెండో గడి మాత్రం ఇప్పుడు దాదాపు ఖాళీ. మొన్న ఫోనులో అడిగింది, "మేడమ్, ఈసారి కూడా పోతే?" అని. "పోతే నివేదిక తీసుకుని నేరుగా మా ఇంటికి రా. బీరువాలో మాత్రం పెట్టకు" అన్నాను. నవ్వింది. మూడుసార్లు తప్పాక ఆ అమ్మాయి నవ్వగా వినడం అదే మొదలు.