పడవ పలక, క్రాఫ్ట్ మాస్టారు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)

 

బడి నాకేమిచ్చిందో చెప్పమన్నారు. ఒక చెక్క పలక గురించి చెబుతాను.

ఉద్యోగంలో ఉండగా హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. మాది ఎంటర్‌ప్రైజ్ రకం. 1956లో జాక్ హోల్ట్ రూపొందించిన, ఇద్దరు నడిపే చిన్న పడవ. దాని నడుమ నీళ్లలోకి దించే పలకను సెంటర్‌బోర్డు అంటారు. గాలి పక్క నుంచి తోసినా పడవ పక్కకు కొట్టుకుపోకుండా ముందుకు సాగేది దానివల్లే. పడవ బోల్తా పడితే ఆ పలక మీదే నిలబడి, ఒంటి బరువంతా వేసి పడవను లేపాలి.

ఒక ఆదివారం ఆ పలకలో నిలువునా వెంట్రుకంత పగులు కనబడింది. పుట్టీ పెట్టి, పైన రంగేసి ఊరుకున్నాను. మరుసటి వారం గాలి ఎక్కువై పడవ బోల్తా పడింది. నాతో ఉన్న మా అన్నయ్య కూతురు, పద్నాలుగేళ్ల పిల్ల, పలక ఎక్కింది. అది చీలింది. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, సహాయానికి మరో పడవ వచ్చింది. కానీ పిల్ల కాలికి మూడు కుట్లు పడ్డాయి.

"బాబాయ్, పగులుందని నీకు ముందే తెలుసా?" అని అడిగింది. తెలుసని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అప్పుడు గుర్తొచ్చారు మన క్రాఫ్ట్ మాస్టారు. ఎనిమిదో తరగతిలో నేను చేసిన పీటకు అతుకు కుదరకపోతే, జిగురులో రంపపు పొట్టు కలిపి సందు కప్పేశాను. ఆయన పీటను నేలకేసి కొట్టారు. రెండు ముక్కలైంది. "కూర్చునేవాడు నిన్ను నమ్మి కూర్చుంటాడురా" అన్నారు. అంతే, తిట్టలేదు.

పలకను ఈసారి ఇద్దరం కలిసి బాగుచేశాం. రంగంతా గీకేసి, రెండు వారాలు నీడన ఆరబెట్టాం. తడి చెక్కకు జిగురు పట్టదని చెప్పిందీ మాస్టారే. పగులు వెంట కోసి పలకను రెండుగా విడదీసి, అంచులు చిత్రిక పట్టాం. ముందు పల్చటి ఎపాక్సీ తాగించి, తర్వాత చిక్కటిది పూసి, క్లాంపులు వేశాం. మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చి అతుకు ఎండిపోతుంది. ఏప్రిల్ ఎండలో ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోంచి పొగలొచ్చాయి, అది పారేశాం. పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ రెండు వైపులా అంటించాం. ఒక్క వైపే వేస్తే పలక వంగుతుంది. బోల్టు రంధ్రాన్ని పెద్దది చేసి, ఎపాక్సీతో నింపి, మళ్లీ తొలిచాం. నీళ్లు ఇక చెక్కలోకి దిగవు.

దాన్ని రెండు దిమ్మల మీద పెట్టి ముందు నేను ఎక్కి నిలబడ్డాను. తర్వాత చెరువులో కావాలనే పడవను బోల్తా కొట్టించాం. పిల్ల నా వైపు చూసి, "ముందు నువ్వెక్కు బాబాయ్" అంది. ఎక్కాను. పలక ఆగింది. రెండోసారి తనే ఎక్కింది.

ఈ ఉదయం మన క్రాఫ్ట్ గదికి వెళ్లాను. తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే పనిబల్లలు అలాగే ఉన్నాయి. మాస్టారు లేరు. పెద్దలు అనుమతిస్తే ఆ తాళం తీయిద్దాం. ఉలి పట్టడం నేర్పడానికి ప్రతి శనివారం నేను వస్తాను.

సెలవు.