హైదరాబాద్ ఎఫ్‌సీ: చెదిరిపోయిన జట్టు
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల ఫుట్‌బాల్ అభిమానులకు సొంత జట్టుగా చెప్పుకోదగిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఏర్పడి, 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి విజేతగా నిలిచింది. ఆ పోరులో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డుకోవడం తెలుగునేల క్రీడాచరిత్రలో చిరకాలం నిలిచే ఘట్టం.

ఒక సీజన్‌కూ మరో సీజన్‌కూ నడుమ ఉండే విరామంలో ఆటగాళ్లు ఒప్పందాలు ముగించుకొని జట్లు మారడం సహజమే అయినా, 2023 వేసవిలో శిక్షకుడు మనోలో మార్క్వెజ్, గోల్స్ వీరుడు ఓగ్బెచె, రక్షణ ఆటగాడు ఆకాశ్ మిశ్రా వెళ్లిపోయారు. వేతన బకాయిల వల్ల బదిలీ నిషేధం, అంటే కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య విధించే ఆంక్ష, తోడవడంతో ఖాళీలు పూడ్చుకొనే దారి మూసుకుపోయింది. యువకులు ప్రాణం పెట్టి ఆడినా, 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్క విజయంతో, 8 పాయింట్లతో జట్టు చివరి స్థానంలో మిగిలింది.

యాజమాన్యం మారినా స్థిరత్వం రాలేదు. 2025లో ఆ క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అన్న పేరుతో రాజధానికి తరలిపోయింది.