ముందు ఏ పెట్టె తెరవవలెను?
(శతవార్షికోత్సవ సందర్భమున బల్కంపేటలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘములలోని పాత పుస్తకములను, కాగితములను స్కాను చేయించి కంప్యూటరులో భద్రపరచవలెనని ఈ శతవార్షికోత్సవ సమయమున పెద్దలు తలంచుచున్నారు. మంచి తలంపు. అయితే అన్నియు ఒకేసారి చేయుటకు మనకు ధనము చాలదు, మనుష్యులును చాలరు. కాబట్టి ముందు దేనిని చేయవలెను? ఈ సాయంకాలము ఆ ఒక్క ప్రశ్ననే మీ యెదుట ఉంచుచున్నాను.

ఈ మాట అడుగగానే చాలమంది చూపునది బీరువాలోని పాత బైబిలు, దాని ప్రక్కనున్న తోలు అట్ట కీర్తనల పుస్తకము. వాటియెడల నాకును గౌరవమే. కాని అచ్చు పుస్తకము ఒకచోట పోయినను మరియొకచోట దొరకవచ్చును. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను పథకము క్రింద వేలకొలది తెలుగు పుస్తకములు ఇదివరకే స్కాను చేయబడినవి. మిషనరీ దొరలు వ్రాసిన ఉత్తరములకును చోటు దొరికినది. మెథడిస్టు మిషను సొసైటీ కాగితములు 1978లో లండనులోని సోయాస్ గ్రంథాలయమునకు చేరి, అక్కడ భద్రముగా ఉన్నవి. దొరగారు వ్రాసినది లండనులో ఉన్నది. మన ఉపదేశి వ్రాసినది ఎక్కడ ఉన్నది? గుడి వెనుక గదిలో, మూలనున్న ట్రంకు పెట్టెలో ఉన్నది.

ఒక సంగతి దాచక చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక పల్లె పాస్టరేటులో ఉండగా, ఉద్యోగ విరమణ చేసిన ఒక పంతులమ్మగారు బస్సులో వచ్చి, “అయ్యగారూ, మా అమ్మ బాప్తిస్మము ఇక్కడే జరిగిందండి. ఆమె పేరు ఒక్కసారి చూపిస్తే చాలు” అన్నారు. పెట్టె తెరచితిని. రిజిస్టరు అట్ట చేతికి వచ్చినది. లోపలి కాగితములు చెదల మట్టియై రాలినవి. ఆమె ఏమియు అనలేదు. కొంగుతో ఆ అట్టను తుడిచి నా చేతికిచ్చి, వందనము చెప్పి వెళ్లిపోయిరి. ఆ పెట్టె తాళపుచెవి మూడేండ్లుగా నా సొరుగులోనే ఉన్నది. నేను ఒక్కసారియు తెరువలేదు.

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో, చెరనుండి తిరిగివచ్చిన కొందరు యాజకులు తమ వంశావళి పట్టీలో తమ పేర్లు వెదకి కానలేకపోయిరి. అందుచేత యాజకత్వమునకు దూరమైరి. పేరు వ్రాసిన కాగితము పోవుట చిన్న నష్టము కాదు.

కాబట్టి ప్రతి పుస్తకమును మూడు ప్రశ్నలు అడుగుదము.

మొదటిది, ఇది ఒక్కటే ప్రతియా? 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వివాహముల నకళ్లు ప్రభుత్వమునకు పంపవలెను. బాప్తిస్మపు రిజిస్టరుకు, సమాధుల రిజిస్టరుకు, సంఘ కమిటీ మినిట్సు పుస్తకమునకు అట్టి ఏర్పాటు లేదు. కనుక వివాహ రిజిస్టరుకంటె ఇవి ముందు.

రెండవది, ఇది ఎంతకాలము నిలుచును? 1812లో సెరంపూరు ముద్రణాలయము కాలినప్పుడు కేరీగారి వ్రాతప్రతులు అనేకము నశించినవి. మన నగరములోనే, 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రములో విలువైన పుస్తకములు తడిసిపోయినవి. నిప్పు, నీరు, చెద మన కమిటీ తీర్మానము కొరకు ఆగవు. సిరా వెలిసిపోవుచున్నది, అంచులు విరుగుచున్నది ముందు వరుసలో ఉండవలెను.

మూడవది, ఇది బయటపడిన యెడల ఎవరికైనను గాయమగునా? పాత పుస్తకములలో కొన్నిచోట్ల పూర్వకులము వ్రాసియున్నారు; క్రమశిక్షణకు లోనైనవారి పేర్లున్నవి. వారి మనుమలు నేడు మన మధ్య కూర్చున్నారు. అట్టివి స్కాను చేయవలెను గాని, ఇంటర్నెట్టులో అందరికిని తెరచిపెట్టరాదు. భద్రపరచుట వేరు, ప్రచురించుట వేరు.

స్కాను అయినదిగదా అని కాగితమును పారవేయకూడదు. ఒకప్పుడు ఫ్లాపీలలో దాచినవి నేడు ఎందరు తెరువగలరు? మూల ప్రతి గుడిలోనే ఉండనిండు. స్కాను ప్రతులలో ఒకటి సంఘములో, ఒకటి డయాసిస్ కార్యాలయములో, మరియొకటి దూరముగానున్న వేరొక చోట ఉంచుదము.

పనివారు లేరందురా? కంప్యూటరు కోర్సుల కొరకు ఎక్కడెక్కడినుండియో పిల్లలు అమీర్‌పేటకు వచ్చి, మన వీధులలోని హాస్టళ్లలో ఉన్నారు. ఆదివారము మన బెంచీలలోనే కూర్చుందురు. వారిని అడుగుదము. పాత చేవ్రాత చదువగల పెద్దలను వారి ప్రక్కన కూర్చుండబెట్టుదము. ఒకరికి యంత్రము తెలియును, ఒకరికి ఆ పేర్లు తెలియును.

స్కానరు కొనుటకు ముందే చేయగల పని ఒకటున్నది. ఈ నెలలోనే ప్రతి సంఘము తన పెట్టె తెరచి, అందులో ఏ రిజిస్టరున్నది, ఏ సంవత్సరములది, ఏ స్థితిలో ఉన్నది అని ఒక కాగితముమీద వ్రాయవలెను. దానికి ఖర్చు లేదు. తాళపుచెవి మన సొరుగులోనే ఉన్నది.

ప్రభువు మనకందరికిని తోడైయుండును గాక. ఆమేన్.