హెల్పర్‌గా పంపే ముందు ఐటీఐ గురించి ఆలోచించండి
స్కాలర్‌షిప్ పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం



ఇంజనీరింగ్, మెడిసిన్ గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను పెద్ద యంత్రాల మెకానిక్ పని గురించి నాలుగు మాటలు చెబుతాను. మన హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు మీకు తెలియనివి కావు. అక్కడ ఎక్స్‌కవేటర్లు, కంప్రెసర్లు, టిప్పర్లు ఉంటాయి. ఎక్స్‌కవేటర్ ఏ కంపెనీదైనా మనవాళ్లు హిటాచీ అనే అంటారు, అది వేరే సంగతి. యంత్రం ఆగినా బ్యాంకు కంతు ఆగదు. అందుకే పని తెలిసిన మెకానిక్‌ను యజమానులే వెతుక్కుంటూ వస్తారు.

పదో తరగతి కాగానే అబ్బాయిని మేస్త్రీ వెంట హెల్పర్‌గా పంపే ఇళ్లు మనలో ఉన్నాయి. ఇంటి ఇబ్బంది అలాంటిది, నేను తప్పుపట్టను. కానీ హెల్పర్‌కు ఏ బోల్టు విప్పాలో తెలుస్తుంది గానీ, ఎందుకు విప్పాలో చెప్పే తీరిక మేస్త్రీకి ఉండదు. బూమ్ పైకి లేవడం లేదనుకోండి. లోపం పంపులోనా, రిలీఫ్ వాల్వ్‌లోనా, సిలిండర్ సీల్‌లోనా? హైడ్రాలిక్ సర్క్యూట్ బొమ్మ చదవడం వచ్చినవాడు గేజ్ పెట్టి ప్రెషర్ చూసి చెబుతాడు. రానివాడు ఒక్కో భాగం మార్చి చూస్తాడు. ఇప్పటి యంత్రాలకు సెన్సార్లు, కంట్రోలర్ కూడా ఉంటాయి, లోపం స్క్రీన్ మీద కోడ్ రూపంలో వస్తుంది. చదువు లేకుండా అది అర్థం కాదు.

అమ్మానాన్నలు తప్పక అడగవలసినది ప్రమాదం సంగతి. 20 టన్నుల ఎక్స్‌కవేటర్ హైడ్రాలిక్ లైన్‌లో ప్రెషర్ సుమారు 350 బార్ ఉంటుంది. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు మాత్రమే. హోస్‌కు సూదిమొనంత రంధ్రం పడినా చాలు, చిమ్మే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలాగా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా తక్కువే. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయవలసి రావచ్చు. కాబట్టి లీకును చేత్తో తడమకూడదు, అట్టముక్క పెట్టి చూడాలి. ఆయిల్ లోపలికి పోతే వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. హోస్ విప్పే ముందు బకెట్ నేలకు దించి, ఇంజన్ ఆపి, లైన్‌లో మిగిలిన ప్రెషర్ వదలాలి. ఎత్తిన బూమ్ కిందికి ఎవరు పిలిచినా పోకూడదు నాయనా. మంచి వర్క్‌షాపులో పని మొదలుపెట్టక ముందే ఇవి నేర్పుతారు.

ఇక చేరే దారి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఒక సంవత్సరం. మోటారు వెహికల్ మెకానిక్, ఫిట్టర్ రెండేసి సంవత్సరాలు. త్వరగా అయిపోతుందని చాలామంది మొదటిది పట్టుకుంటారు. తర్వాత పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరాలంటే రెండేళ్ల ఐటీఐ అడుగుతారు. వీలుంటే రెండేళ్లదే తీసుకోండి. అమ్మాయిలు కూడా ఈ ట్రేడ్‌లలో చేరవచ్చు. తమిళనాడు ప్రభుత్వ ఐటీఐలలో ట్యూషన్ ఫీజు లేదు. 2024 ఆగస్టులో మొదలైన తమిళ్ పుదల్వన్ పథకంలో, ప్రభుత్వ బడిలో చదివి ఐటీఐలో చేరిన అబ్బాయిలను కూడా చేర్చారు. వివరాలు ఐటీఐ ఆఫీసులో అడగండి.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌గా చేరడం మానవద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం నెలనెలా స్టైపెండ్ వస్తుంది, చివర పరీక్ష రాస్తే జాతీయ సర్టిఫికెట్ ఇస్తారు. హోసూరులో అశోక్ లేలాండ్ 1980 నుంచి ఉంది. పక్కనే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో బీఈఎంఎల్ వారు బుల్‌డోజర్లు, ఎక్స్‌కవేటర్లు తయారుచేస్తారు. అప్రెంటిస్ ప్రకటనలు ఎప్పుడు వస్తాయో గమనిస్తూ ఉండండి.

తెలుగు మీడియంలో చదివామని జంకే పిల్లలకు ఒక మాట. పిస్టన్, పంపు, వాల్వ్ అన్ని భాషల్లోనూ అవే పేర్లు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడే హోసూరు పిల్లవాడికి సైట్‌లో ఆపరేటర్‌తోనూ యజమానితోనూ పని సులువు. పదో తరగతి ఫలితాలు రాగానే ఐటీఐ దరఖాస్తుల సంగతి చూసుకోండి. మార్కుల జాబితా, టీసీ, కుల ధ్రువపత్రం ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోండి.