నడుము చుట్టుకొలత



జాకెట్లు కుట్టే అక్క మెడలో ఎప్పుడూ ఒక టేపు వేలాడుతూ ఉంటుంది. దానికి ఒక వైపు అంగుళాలు, ఇంకో వైపు సెంటీమీటర్లు. అంకెలు నేర్చిన వారెవరైనా దాన్ని చదవవచ్చు. ఒంట్లో జబ్బు పొంచి ఉందేమో చూడడానికి కూడా ఆ టేపు పనికొస్తుంది.

కొందరికి కాళ్ళూ చేతులూ సన్నగానే ఉంటాయి. పొట్ట మాత్రం ముందుకు వస్తుంది. "పిల్లలు పుట్టాక ఎవరికైనా ఇంతేగా! నేనేం లావున్నాను?" అనుకుంటారు. కాటా ఎక్కితే బరువు మామూలుగానే చూపిస్తుంది. కాని కొవ్వు ఎక్కడ చేరిందో కాటాకేం తెలుసు? చర్మం కింది కొవ్వు వేరు. పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు వేరు. ఆ లోపలి కొవ్వు పెరిగితే ఇన్సులిన్ సరిగా పని చేయదు. షుగరు పెరుగుతుంది. బి.పి., గుండెజబ్బు దాని వెనకే వస్తాయి. మొదట్లో నొప్పి ఉండదు. అందుకే ఆడవాళ్ళు ఆసుపత్రికి పోరు.

భారతదేశంలో ఆడవారి నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు. మగవారికి 90 సెంటీమీటర్లు. పొట్ట అంటే షావుకార్లదే అని నవ్వుకుంటారు గాని, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో నూటికి 40 మంది ఆడవారికి పొట్ట కొవ్వు ఎక్కువని తేలింది. మగవారిలో 12 మందికే.

కొలిచేటప్పుడు చీర, లంగా బొందు పక్కకు జరపాలి. బొందు కట్టే చోట కొలిస్తే లెక్క తప్పుతుంది. కింది పక్కటెముకను, తుంటి ఎముక పై అంచును చేత్తో తడిమి చూడాలి. ఆ రెంటికీ నడిమధ్య టేపు చుట్టాలి. బిగించకూడదు. ఊపిరి మామూలుగా వదిలి, అంకె చూడాలి. పొట్ట లోపలికి పీల్చకూడదు. ఫొటో తీయించుకోవడం కాదుగా ఇది! టేపు లేకపోతే దారం చుట్టి, దాన్ని స్కేలుతో కొలవచ్చు. కడుపుతో ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు.

30 ఏళ్ళు దాటినవారి కోసం ఆశా కార్యకర్త ఒక కాగితం నింపుతుంది. అందులో నడుముకు మార్కులున్నాయి. ఆడవారికి 80 దాకా సున్నా, 81 నుంచి 90 దాకా 1, ఆపైన 2. ఇవి ఎక్కువ వస్తే సంతోషించే మార్కులు కావు. వయసుకు, పొగాకుకు, నడకకు, ఇంట్లో వారి జబ్బులకు కూడా మార్కులుంటాయి. మొత్తం 4 దాటితే షుగరు, బి.పి. పరీక్షలకు ముందుగా పంపిస్తారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్షలకు డబ్బు కట్టనక్కరలేదు.

ఈసారి జాకెట్టు కొలత ఇచ్చినప్పుడు నడుము కూడా కొలిపించుకోవచ్చు. ఆ అంకెను, తేదీని ఎవరి చేత్తో వారే నోటు పుస్తకంలో రాసుకోవచ్చు. మూడు నెలలకు మళ్ళీ కొలిచి, దాని కిందనే రాయాలి.