రేకుపెట్టెలోని కాగితం
(చదువరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆదివాసీలుగా సమాజాన్ని, రాజకీయాన్ని ఎలా చూస్తున్నారో, మీ అంతట మీరు ఏమి నేర్చుకున్నారో చెప్పండని నిర్వాహకులు కోరారు. మేము ఆదిలాబాద్ అడవుల గోండులము. పండితులము కాము. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు కచేరీలో దస్త్రాలు మోసి పదవీ విరమణ చేసిన గుమాస్తాలము. గుమాస్తాకు తెలిసిన విద్య ఒక్కటే, కాగితం చదవడం. ఏ కాగితం చేతికి వచ్చినా మూడు ప్రశ్నలు వేయాలని మాకు కచేరీ నేర్పింది. ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? కింద సంతకం ఎవరిది? మా చదువు, మా రాజకీయం ఈ మూడు ప్రశ్నల్లోనే ఉన్నాయి. ఆ సంగతే ఈ రోజు మీకు విన్నవిస్తాము.

మా ఇంట్లో ఒక రేకుపెట్టె ఉండేది. అందులో గుడ్డలో చుట్టిన ఒక ఉర్దూ కాగితం ఉండేది. అది మా తాతకు సర్కారు ఇచ్చిన పట్టా అని ఇంటిల్లిపాదీ నమ్మేవారము. దసరా నాడు నాగలితో పాటు దానికీ పసుపు, కుంకుమ పెట్టేవారు. ఇంట్లో చదవగలిగినవారు ఒక్కరూ లేరు. ఆశ్రమ పాఠశాలకు వెళ్లిన మాకు తెలుగు వచ్చింది, అది కూడా దెబ్బలు తిని. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, బజారులో మరాఠీ, ఉర్దూ. పంతులుగారు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసినా దానికి తెలుగు మాట తెలియక నిలబడిపోయిన రోజులు ఎన్నో. మందబుద్ధులని మా మీద పడిన పేరు అక్కడ పుట్టినదే.

కచేరీలో కొలువు దొరికిన తరువాత ఆ కాగితాన్ని బజారులో ఉండే ఒక వృద్ధ మున్షీ దగ్గరకు తీసుకువెళ్లాము. అందరూ ఆయనను చాచా అని పిలిచేవారు. అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు. తరువాత కొంతసేపు మాట్లాడలేదు. చివరకు మెల్లగా చెప్పారు, అది పట్టా కాదు, జుర్మానా రసీదు. అటవీ భూమిలో నాగలి పెట్టినందుకు 1349 ఫసలీలో మా తాత చెల్లించిన పన్నెండు హాలీ రూపాయల దండుగకు రసీదు. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని కూడా ఆయనే చెప్పారు. అంటే 1939 నాటి మాట. నలభై ఏళ్లకు పైగా మా ఇంట్లో పసుపు కుంకుమలు అందుకున్నది మమ్మల్ని నేరస్థులన్న కాగితం.

ఇంటికి వచ్చి తండ్రికి ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాక ఆయన చాలాసేపు ఆలోచించి ఒక మాట అన్నారు.

"దండుగ వేసిండ్రంటే, అప్పటికే మనం అక్కడ దున్నుతున్నట్టే గదా."

కాగితాన్ని మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టారు. అక్షరం రాని ఆయన ఆ కాగితాన్ని మాకంటే బాగా చదివారని ఆ రోజు మాకు అర్థం కాలేదు.

మాకు అర్థమైనది మరొకటి. పట్టా, ఖాతా, హద్దు, రసీదు, అర్జీ, జప్తు, వకీలు, తహసీలు. మా బతుకును నిర్ణయించిన మాటలన్నీ ఉర్దూ దారిన వచ్చినవే. ఆ మాటలు తెలిసినవారికి భూమి దక్కింది, తెలియని మాకు దండుగ మిగిలింది. ఆ మాటలు నేర్చుకోవాలనుకున్నాము. చాచాను అడిగాము. ప్రతి శుక్రవారం జుమా నమాజు తరువాత ఆయన దుకాణం మెట్ల మీద పలక పట్టుకుని కూర్చున్నాము. అలిఫ్, బే, పే. కచేరీ ఉద్యోగి చిన్నపిల్లవానివలె పలక పట్టడం చూసి బజారువారు నవ్వేవారు. రెండేళ్లలో పాత రెవెన్యూ కాగితాల గొలుసుకట్టు రాత కూడబలుక్కుని చదవగలిగాము. ఆయన రుసుము తీసుకోలేదు. చలికాలంలో మనుమలకు సీతాఫలాలు మాత్రం తెమ్మనేవారు.

అప్పటి నుంచి మా గూడేలలో రేకుపెట్టెలు తెరవడమే మా సంఘసేవ అయింది. కొన్ని పెట్టెలలో నిజమైన పట్టాలు దొరికాయి, వాటి భూమి ఎప్పుడో ఇంకొకరి పేరుకు మారిపోయి ఉన్నది. కొన్నింటిలో అప్పు పత్రాలు. కొన్నింటిలో ఎవరో రాయించుకున్న కౌలు ఒప్పందాలు, కింద మా పెద్దల వేలిముద్రలు. చదవలేనివాని వేలిముద్రే వానికి శత్రువయింది.

చరిత్రను కూడా మేము ఆ మూడు ప్రశ్నలతోనే చదవడం నేర్చుకున్నాము. కొమురం భీము మాకు దైవంతో సమానం. ఆయన ఏ బడికీ వెళ్లలేదని, చాందా ప్రాంతంలో ఒక అచ్చు యంత్రం దగ్గర పనిచేస్తూ అక్షరాలు, పరాయి భాషలు నేర్చాడని, అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లి లోకం చూసి వచ్చాడని మా పెద్దలు చెబుతారు. తనకు తాను చదువు చెప్పుకున్న మనిషిగా ఆయన మాకు మరింత దగ్గర. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తుపాకులకు ఆయన, ఆయన అనుచరులు బలయ్యారు. దీనిని నేడు కొందరు రెండు మతాల పోరుగా చెబుతున్నారు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడగండి. భీము అడిగినది అడవి మీద, నీటి మీద, దున్నిన నేల మీద హక్కు. ఆయన ఎదిరించినది దండుగలు వేసిన అటవీ శాఖను, మా భూములను ఇతరులకు రాసిచ్చిన రెవెన్యూ యంత్రాంగాన్ని. ఆ భూములు పొందినవారిలో అన్ని కులాలవారు, అన్ని మతాలవారు ఉన్నారు. ఆ సర్కారు చేసిన అన్యాయాన్ని తగ్గించి చెప్పము. ఆ పేరు మీద నేటి మన పొరుగువారిని దోషులను చేయడానికీ ఒప్పుకోము.

అదే సర్కారు తరువాత హైమన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుని మా కష్టాల కారణాలు తెలుసుకోవడానికి నియోగించింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయి గ్రామంలో మా మధ్య నివసించారు. 1943లో అక్కడ గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండి మాటలతో, దేవనాగరి లిపిలో వాచకాలు వచ్చాయి. తన భాషలో పాఠం విన్న గోండు పిల్లవాడు మందబుద్ధి కాడని అప్పుడే రుజువైంది. తరువాతి కాలంలో ఆ వాచకాలు బడుల నుంచి తొలగిపోయాయి. మా నార్నూర్ ప్రాంతపు గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ లిపికి కంప్యూటరు అక్షరాల అంతర్జాతీయ పట్టికలో చోటు దొరికింది. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండిని మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 29 లక్షల 84 వేలమంది. అయినా రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో మా భాష లేదు.

రాజ్యాంగం 29వ అధికరణం తన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు ప్రతి ప్రజాసమూహానికీ ఇచ్చింది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని 350ఎ అధికరణం చెబుతున్నది. మీ బిడ్డల ఉర్దూ బడికి పంతులు లేనప్పుడు మీరు చూపే అధికరణాలు ఇవే. మా గూడెం బడికి గోండి తెలిసిన పంతులు లేనప్పుడు మేము చూపేవీ ఇవే. మన అర్జీలు వేరువేరు బల్లల మీద ఉన్నా అవి ఆధారపడిన వాక్యం ఒక్కటే.

ఆ రాజ్యాంగం తయారైన సభలో మా తరఫున నిలబడినవారు జైపాల్ సింగ్ ముండా. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు నాయకుడు. ఆదివాసీలకు ప్రజాస్వామ్యం నేర్పవలసిన పని లేదని, వారి నుంచే నేర్చుకోవలసి ఉన్నదని 1946 డిసెంబరులో ఆయన సభకు చెప్పారు. మా గ్రామాలలో పట్లా ఒక్కడే తీర్పు చెప్పడు, అందరూ కూర్చుని, చివరివాడు తల ఊపే దాకా మాట్లాడతారు. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారం ఆ పాత అలవాటుకు రాతరూపం. కాని గ్రామసభ తీర్మానం పుస్తకం ఇప్పటికీ చాలాచోట్ల మరొకరి సంచిలో ఉంటుంది. సంతకాలు ముందు, తీర్మానం తరువాత. చట్టం ఇచ్చినదానిని చదువు లేకపోవడం తిరిగి తీసుకుంటున్నది.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు మా తండ్రి మాట గుర్తుకు వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్లు చూపాలి. విచారణకు వచ్చిన అధికారి మా పొలం నిన్నమొన్న కొట్టిన పోడు అన్నారు. రేకుపెట్టె తెరిచి ఆ రసీదు ముందు పెట్టాము. ఎవరు రాశారు? మీ శాఖే. ఎప్పుడు? 1349 ఫసలీ. సంతకం ఎవరిది? మీ అధికారిదే. మమ్మల్ని నేరస్థులన్న కాగితమే మాకు సాక్షి అయింది. ఊరి పెద్దల వాంగ్మూలాలు తోడయ్యాయి. అడిగిన ఐదెకరాలలో మూడున్నరకు హక్కుపత్రం వచ్చింది. ఆనాటికి తండ్రి లేరు, చాచా కూడా లేరు.

ఇప్పుడు మాట్లాడటానికి కష్టమైన విషయం. 2024 సెప్టెంబరులో జైనూరు పేరు దేశమంతా వినబడింది. ఒక ఆదివాసీ స్త్రీపై దాడి జరిగింది. నిందితుడు మీ మతస్థుడు. ఆ తరువాత మీవారి దుకాణాలు తగులబడ్డాయి. కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపారు. ఆ తల్లికి జరిగినదానికి న్యాయస్థానంలో పూర్తి న్యాయం జరగాలి, ఆ మాటను మీరు మాకంటే గట్టిగా చెప్పాలని కోరుతున్నాము. ఒకని నేరానికి దుకాణం పోగొట్టుకున్న వానికీ న్యాయం జరగాలి, ఆ మాటను మావాళ్ల మధ్య మేము చెప్పాలి, చెబుతున్నాము. చెప్పినందుకు మాటలు పడ్డాము కూడా. ఆ రోజుల్లో మా ఫోనులకు వచ్చిన సందేశాలకు రాసినవారి పేరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. కచేరీలో అటువంటి కాగితాన్ని ఫైలులో కూడా పెట్టము. ఇంటి ముందరి బజారు విషయంలో మాత్రం దానిని నమ్మేశాము.

మరొక కష్టమైన మాట. ఏజెన్సీలో ఆదివాసేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టం వల్ల మూడు తరాలుగా ఉన్న ఇంటికి కాగితం పుట్టడం లేదని మీలోని పేదలు బాధపడుతున్నారు. ఆ బాధ మాకు తెలుసు. కాని ఆ చట్టం మా పొలానికి ఉన్న ఒకే ఒక కంచె. ఏజెన్సీ భూమిని గనుల కోసం ప్రైవేటువారికి లీజుకు ఇచ్చే అధికారం సర్కారుకు కూడా లేదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పడానికి ఆధారం ఆ కంచే. అది తీస్తే లోపలికి వచ్చేది మీ కిరాణా దుకాణం కాదు, మిమ్మల్నీ మమ్మల్నీ ఇద్దరినీ కొనగలవాడు. మీ ఇంటి సమస్యకు ఏమి దారి ఉన్నదో కూర్చుని మాట్లాడదాము, కంచె తీయమని మాత్రం అడగకండి. ఈ మాట మీకు రుచించకపోవచ్చు. ముఖం మీద చెప్పడమే పొరుగువాని మర్యాద అనుకుంటున్నాము.

చివరగా ఒక అర్జీ. మా గూడేలలో ఇంకా తెరవని పెట్టెలు ఉన్నాయి. వాటిలోని రాత చదవగల పెద్దలు మీ ఇళ్లలో ఉన్నారు, కాని చాలా తక్కువమంది. వయసు డెబ్బై, ఎనభై దాటినవారు. వారు వెళ్లిపోతే ఆ కాగితాలు మూగవైపోతాయి. వారానికి ఒక్క సాయంత్రం, గ్రంథాలయంలోనో మసీదు అరుగు మీదనో ఒక బల్ల వేయండి. మేము పెట్టెలు తెస్తాము. మీ పెద్దలు చదవాలి, మీ పిల్లలు, మా పిల్లలు పక్కపక్కన కూర్చుని నేర్చుకోవాలి. మీ ఇళ్లలోని పాత కాగితాలు తెలుగులోకి రాసిపెట్టే పని మేము చేస్తాము. ఆ బల్ల దగ్గర కలిసి కూర్చున్న పిల్లలు రేపు ఏ వదంతి వచ్చినా ముందు ఒకరినొకరు అడుగుతారు.

వచ్చే శుక్రవారం, జుమా తరువాత, మేము మూడు పెట్టెలతో వస్తాము. సీతాఫలాల కాలం కాదు గనుక చేతిలో వేరే ఏమీ ఉండదు. బల్ల వేసి ఉంచండి.

రాం రాం. ఖుదా హాఫిజ్.