గేటు దగ్గర బోర్డు

గోదావరికి ఇవతలి గట్టున సారపాక. జామాయిలు, సుబాబుల్ కర్రల లోడుతో లారీలు ఐటీసీ కాగితం మిల్లుకు వస్తుంటాయి. ఇంత పెద్ద కాగితం మిల్లున్న ఊళ్లో కూలీ హక్కు గురించి మాట్లాడితే, చివరికి మాట ఒక్క కాగితం దగ్గరికే వస్తుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ గేటు దగ్గరి ఆ కాగితం గురించే చెప్పింది. చట్టం సారాంశాన్ని ఇంగ్లిషులోనూ, ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలోనూ రాసి, ప్రధాన ద్వారం దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలని ఆ చట్టం అనేది. ఈ ప్రాంతంలో తెలుగుతోపాటు కోయ, హిందీ, ఒడియా మాటలూ వినిపిస్తాయి. బోర్డు ఏ భాషలో ఉండాలో ఆఫీసు గది కాదు, షిఫ్టుకొచ్చే జనమే తేల్చాలి.

మరి ఇలాంటి కాగితాలతో యజమాని మీద పడే భారం? పదిమందితో లోడింగ్ చేయించే చిన్న కాంట్రాక్టరుకు రిజిస్టర్లు నింపడమే ఒక కొలువు. ఆ గోడు అబద్ధం కాదు. అందుకే 2017లో కేంద్రం 9 చట్టాల కింద ఉన్న 56 రిజిస్టర్లను 5కు కుదించింది.

2025 నవంబరు 21న, ఆ ఫ్యాక్టరీల చట్టంతో సహా 29 పాత చట్టాల స్థానంలో 4 కార్మిక కోడ్‌లు అమల్లోకొచ్చాయి. వాటి ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతగాడికి మరుసటి నెల 7వ తేదీలోపు జీతం అందాలి. తనిఖీకొచ్చే అధికారి తప్పులు పట్టడమే కాదు, యజమానికీ కూలీకీ సలహా కూడా చెప్పాలి.